పాస్ ఓవర్

గుంటూరులో పదకొండేళ్లుగా లాయరుగా సివిల్ కేసులు చూస్తున్నాను. పోయిన జూన్‌లో నాకేమైందో ఇప్పుడు రాయగలుగుతున్నాను. మొన్నమొన్నటి దాకా ఆ రాత్రి గుర్తొస్తేనే చేతులు చల్లబడేవి.

ఆ రోజు రెండు కోర్టుల్లో ఒకేసారి పని పడింది. నేను ఒక హాల్లో ఎదుటి పార్టీ సాక్షిని ప్రశ్నలడుగుతూ క్రాస్ చేస్తుంటే, ఇంకో హాల్లో అటెండర్ మూడుసార్లు పిలిచాడట. పలికేవాళ్లు లేక నా క్లయింట్ ఒక పెద్దావిడ వేసిన పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాను, మా తరఫున ఎవరూ హాజరు కాలేదని డిఫాల్ట్ కింద కొట్టేశారు. కొంప మునిగే విషయం కాదు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 9 రూల్ 9 కింద 30 రోజుల్లోపు పిటిషన్ వేసి సరైన కారణం చూపిస్తే దావా మళ్లీ ఫైలు మీదికి వస్తుంది. జూనియర్లకు ఈ మాట చెప్పేదాన్ని నేనే.

అయినా రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను. గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు, మెడకు మా లాయర్ల తెల్ల బ్యాండ్ బిగించి కట్టినట్టు ఊపిరాడదు. నిజంగానే మెడ తడుముకున్నాను, విప్పేద్దామని. పోతున్నాననే అనుకున్నాను, పక్కన పడుకున్న పిల్లాడిని లేపి చూసుకోవాలనిపించింది, లేపలేదు. మా ఆయన ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. డ్యూటీ డాక్టరు "గ్యాస్ అమ్మా. లాయర్లు నలుగురిని భయపెట్టాలి గానీ, మీరే భయపడితే ఎలా?" అని నవ్వాడు. ఆ నవ్వుకి సిగ్గుపడి రెండు నెలలు ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన మీద నాకింకా కోపమే.

చివరికి మా వదినే పట్టుబట్టి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది, ఆమె రుణం తీర్చుకోలేను. ప్యానిక్ డిజార్డర్ అన్నారు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. సైకాలజిస్ట్ శ్వాస మీద ధ్యాస పెట్టమంటే మొదట్లో టైం దండగ అనుకున్నాను. ఒకరోజు ఆమె "దావా పోయిందని చెబితే మీ క్లయింట్ ఏమన్నారు?" అని అడిగారు. ఆ పెద్దావిడ అన్నది ఒక్కటే: "పోనీలే తల్లీ, మళ్లీ వేద్దాం. అన్నం తిన్నావా?" మరి మీకు మీరు ఏం చెప్పుకున్నారు అంటే, నోరు పెగల్లేదు. ఎదుటి పార్టీ సాక్షిని కూడా అన్ని మాటలు అనను నేను. ఆ గదిలో చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు ఫైలు కట్టు విప్పే ముందు ఆ టేపు ముడి మీద వేలు పెట్టి మూడు శ్వాసలు తీసుకుంటాను. మనసు తర్వాతి వాయిదా మీదికి పరిగెడుతుంది, తిట్టకుండా వెనక్కి తీసుకొస్తాను. ఆ తిట్టకపోవడమే నాకు కష్టమైంది.

బార్ హాల్లో షుగరు మాత్రల గురించి గట్టిగానే మాట్లాడుకుంటాం, ఈ మాత్రల దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. దయచేసి తగ్గించకండి. గుండెలో తేడాగా ఉంటే ముందు ఈసీజీ తీయించుకోండి, టెన్షనే అని మీరే తేల్చేసుకోకండి. అది నార్మల్ వచ్చినా భయం వదలకపోతే మనసు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రి ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

దావా రిస్టోర్ అయింది, ఖర్చులు నేనే కట్టాను. మొన్న సోమవారం మళ్లీ రెండు కోర్టులు ఒకేసారి పడ్డాయి. లేచి నిలబడి "పాస్ ఓవర్ ఇప్పించండి, యువర్ ఆనర్" అన్నాను, అంటే మా కేసు కాసేపాగి పిలవమని. ఇచ్చారు. రెండో కోర్టులో పని చూసుకుని వచ్చినా మా కేసు ఇంకా పిలవలేదు. మెట్ల మీద కూర్చుని క్యారియర్ విప్పి, పెరుగన్నం తిన్నాను.