కొంగలు ఎవరి వెనక పోతాయో చూద్దామని రాడోల్ఫ్‌సెల్ వెళ్ళా

మా పిన్ని కూతురు పీహెచ్‌డీకి జర్మనీ వచ్చిందని చుట్టాలందరికీ తెలుసు గానీ ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు, పిన్నిని అడిగితే "ఏదో కొంగలకి జీపీఎస్ కడతందంటరా" అంటది. నేనుండేది స్టుట్‌గార్ట్‌లో. జూన్‌లో ఫోన్ చేసి "అన్నయ్యా ఈ వీకెండ్ పిల్లలకి ట్యాగులు వేస్తున్నాం, వస్తావా" అంటే వెంటనే బయల్దేరా.

సింగెన్ దాకా రెండు గంటలు, అక్కడ ట్రైన్ మారితే కాసేపట్లో రాడోల్ఫ్‌సెల్. బోడెన్సే సరస్సు ఒడ్డున చిన్న ఊరు, సరస్సు అవతల కొంత స్విట్జర్లాండ్, కొంత ఆస్ట్రియా. ఊరి పక్కనే మోగింగెన్ అనే పల్లె, అక్కడో పాత కోట, ఆ కోటకి ఆనుకుని పక్షుల రీసెర్చ్ సెంటర్. అసలు ఇది మొదలైంది ఇక్కడ కాదు, 1901లో బాల్టిక్ సముద్రం ఒడ్డున రోసిటెన్‌లో, యుద్ధం తర్వాత 1946లో ఇక్కడికి వచ్చింది, ఇప్పుడు మాక్స్ ప్లాంక్ అనే జర్మన్ పరిశోధన సంస్థ వాళ్ళది.

వీళ్ళు చూసేది వైట్ స్టార్క్ అనే కొంగని. తెల్ల ఒళ్ళు, రెక్కల చివర నలుపు, ఎర్ర ముక్కు ఎర్ర కాళ్ళు, రెక్కలు చాస్తే ఆరడుగులు ఉంటది. మాది గుంటూరు కాబట్టి ఉప్పలపాడు చెరువులో పెయింటెడ్ స్టార్క్‌లని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా, కానీ చర్చి కప్పు మీద ఇంత గూడు కట్టుకుని కింద మార్కెట్ జరుగుతుంటే ముక్కు టకటకలాడించుకుంటూ కూర్చునే వాటిని చూడ్డం ఇదే. వీటికి పెద్దగా గొంతు లేదు, పలకరింపైనా గొడవైనా అంతా ముక్కు చప్పుడే.

గూటి దాకా పోడానికి ఫైర్ ఇంజిన్‌కి ఉండేలాంటి లిఫ్ట్ తెచ్చారు. నన్ను పైకి రానివ్వలేదు, అది న్యాయమే. తల్లి ఎగిరి పక్క కప్పు మీద వాలింది, పిల్లలు మాత్రం మనిషి తల కనపడగానే చచ్చిపోయినట్టు పడిపోయాయి! మెడ వాల్చేసి, కాలు కూడా కదపకుండా. నాకు కంగారు పుట్టింది, చెల్లి నవ్వి "నటన అన్నయ్యా, ఈ వయసులో అన్నీ ఇంతే, మాకు పని సుళువవుద్ది" అంది. కాలికి రింగు, వీపుకి స్కూల్ బ్యాగులా చిన్న సోలార్ ట్యాగు, బరువు పక్షి బరువులో 3 శాతం దాటకూడదని రూలు. అందులో జీపీఎస్‌తో పాటు యాక్సిలరోమీటర్ కూడా ఉంటది కాబట్టి పక్షి ఎక్కడుందో మాత్రమే కాదు, రెక్క కొడుతుందా ఊరికే తేలుతుందా అనేది కూడా తెలుస్తది.

ఆ చుట్టుపక్కల గూళ్ళన్నిట్లో పిల్లలకి ఎందుకు కట్టాలి, ఒకటి చాలదా అని అడిగా. ఒకదానికే కడితే మ్యాప్ మీద ఒక గీత వస్తది, అంతే, అది ఎవరి పక్కన ఎగిరిందో ఆ గీత చెప్పదు అంది. చెల్లి పీహెచ్‌డీ అంతా ఆ "ఎవరి పక్కన" గురించే. స్టార్క్ లాంటి బరువైన పక్షి రెక్క కొట్టుకుంటూ ఆఫ్రికా దాకా పోలేదు, ఎండకి నేల వేడెక్కి పైకి లేచే గాలిని పట్టుకుని సుళ్ళు తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుంచి జారుకుంటూ ఇంకో చోటికి పోవాలి. ఆ గాలి కంటికి కనపడదు కదా, ముందు పోయిన వాడు పైకి లేస్తున్నాడంటే అక్కడ ఉన్నట్టు లెక్క. సముద్రం మీద ఈ గాలి సరిగ్గా లేవదు, అందుకే పడమటి స్టార్క్‌లు స్పెయిన్‌కీ మొరాకోకీ మధ్య జిబ్రాల్టర్ దగ్గర సన్నటి చోట దాటతాయి, తూర్పువి ఇస్తాంబుల్ మీదుగా పోతాయి.

2018లో ఇక్కడి వాళ్ళదే ఒక పేపర్ 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది. ట్యాగులు కట్టిన పిల్ల స్టార్క్‌ల్లో 27 ఒకే గుంపుగా కదిలితే, డేటా దింపుకోడానికి కార్లలో వాటి వెంటపడ్డారట. తేలిందేంటంటే ముందు పోయేవి గాలిని వెతుక్కుంటూ అడ్డదిడ్డంగా తిరుగుతాయి, అయినా రెక్క తక్కువ కొడతాయి. వెనక వచ్చేవాటికి దారి దొరికినట్టే గానీ గుంపు తప్పిపోతుందేమోనని పూర్తిగా పైకెక్కకుండానే బయల్దేరతాయి, దాంతో కిందుగా ఎగిరి ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తది. ఎక్కువ కొట్టేవి దక్షిణ యూరప్‌లోనే ఆగిపోతాయి, తక్కువ కొట్టేవి పశ్చిమ ఆఫ్రికా దాకా. వెనకుండే వాడికే సుఖం అనుకునే నాకు ఇది బాగా పట్టుకుంది.

దానికంటే పాత కథ ఇంకోటి చెప్పింది. 1930లలో ఎర్నస్ట్ ష్యూట్స్ అనే ఆయన అప్పటి జర్మనీకి తూర్పు కొసన ఉన్న తూర్పు ప్రష్యా స్టార్క్ పిల్లల్ని పడమటి జర్మనీకి తెచ్చి, అక్కడి స్టార్క్‌లన్నీ వెళ్ళిపోయాక వదిలితే అవి తమ పుట్టింటి వాళ్ళలాగే ఆగ్నేయం వైపు పోయాయి. అక్కడి వాటితో కలిసి వెళ్ళినవి మాత్రం వాటి వెంటే నైరుతికి. అంటే దిక్కు ఒంట్లో ఉంటది, పక్కన తోడుంటే మారిపోద్ది.

మర్నాడు కాన్‌స్టాన్స్ నుంచి ఫెర్రీలో మీర్స్‌బుర్గ్ దాటి, బస్సెక్కి సాలెమ్‌లోని కోతుల పార్క్‌కి తీసుకెళ్ళింది. ఒకప్పుడు అక్కడ కోతులకి పెట్టమని పాప్‌కార్న్ ఇచ్చేవాళ్ళంట, చేతిలోంచే తీసుకునేవంట, పిల్లలున్నవాళ్ళు తప్పక వెళ్ళండి. కప్పుల నిండా స్టార్క్ గూళ్ళే, మా వాళ్ళ ట్యాగుల పక్షులు కొన్ని ఇక్కడివే. బాధేంటంటే ఈ స్టార్క్‌లు రబ్బరు బ్యాండ్లని వానపాములనుకుని మింగేస్తాయంట, కరెంటు తీగలకి తగిలి పోయేవి కూడా చాలా.

ఆగస్టులో గుంపు కదిలింది. చెల్లి మ్యాప్ పంపిస్తూ ఉంది, ఫ్రాన్స్‌లో రోన్ లోయ మీదుగా స్పెయిన్. ఒకే గూటి పిల్లలు రెండు వేరే వేరే గుంపుల్లో పడ్డాయి, ఒకటి మాడ్రిడ్ దగ్గర చెత్త డంపు దగ్గరే సెటిలైంది, తిండికి లోటు లేదు మరి, రెండోది మొరాకోలో దిగింది. పై ఏడు మళ్ళీ కలుస్తాయా, ఒకళ్ళనొకళ్ళు గుర్తుపడతాయా అంటే చూడాలి అంది. ఇవి గూడు కట్టుకునే వయసుకి రావడానికే మూడు నాలుగేళ్ళు పడుద్ది, అప్పటికి తన పీహెచ్‌డీ అయిపోద్ది. "మరి ఈ డేటా?" అన్నా. తర్వాత వచ్చేవాళ్ళు వాడుకుంటారంట, తను ఇప్పుడు రాస్తున్న చాప్టర్ కూడా తనకి ముందు వాళ్ళు కట్టిన ట్యాగులదేనంట.