నాన్న నోటుబుక్కులు, ఆ తుప్పల నేల

నాన్న పోయాక నా వంతుకి వచ్చినవి రెండు, ఆయన కథలు రాసుకున్న నోటుబుక్కులు ఓ ట్రంకు పెట్టెడు, ఎవ్వరూ దున్నని కాస్త తుప్పల నేల. రెండిటినీ నీటుగా సర్దేద్దామనుకున్నా మొదట్లో, అక్కడే దెబ్బతిన్నా.

నేలంతా లాంటానా అనే కలుపు పొద కమ్మేసి ఉంటే మనుషుల్ని పెట్టి కొట్టించేశా. ఒక్క వాన పడిందో లేదో ముందుకంటే గుబురుగా లేచింది. పైపైన నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తుందిట, మట్టి కింద ఓ రెండంగుళాల లోతులో తల్లివేరు కోసి, తుప్పని తలకిందులుగా పడేయాలిట. అలా చేసినా అయిపోదు, పిట్టలు పళ్ళు తిని గింజలు వేస్తూనే ఉంటాయి, వాన పడినప్పుడల్లా వెళ్ళి పిల్లమొక్కలు పీకాల్సిందే.

ఇక బుక్కులు. కథలు టైపు చేయించి ఒరిజినల్స్ పాతపేపర్లవాడికి ఇచ్చేద్దామనే అనుకున్నా, నిజం చెప్తున్నా. చవక కాగితం కదా, అందులో ఉండే యాసిడే దాన్ని తినేస్తుంది, ముట్టుకుంటే అంచులు పొడి పొడి. తుప్పు పట్టిన పిన్నులు ఒక్కోటీ ఊడదీస్తూ కూర్చుంటే, కొట్టేసిన ఓ వాక్యం పక్కన మార్జిన్‌లో చిన్నక్షరాలతో "మోదుగ పూసింది, ఫిబ్రవరి 11" అని ఉంది. ఇంకో బుక్కులో ఇంకో ఏడాది, ఇంకో తేదీ. టైపు చేసే అబ్బాయి ఇవన్నీ వదిలేశాడు, వాడి తప్పేం లేదు, కథే కొట్టమన్నా మరి.

అమెరికాలో ఆల్డో లియోపోల్డ్ అని ఒకాయన 1935లో బీడుపడ్డ పొలం కొని పెళ్ళాం పిల్లలతో వేల మొక్కలు నాటాడు. 1948లో పక్కవాళ్ళ పొలంలో మంట ఆర్పబోయి పోయాడు, ప్రకృతి మీద ఆయన రాసిన రాతప్రతిని కొడుకు లూనా 1949లో అచ్చులోకి తెచ్చాడు. నాకైతే కూతురు నీనా చేసిందే ఎక్కువ నచ్చింది. వాళ్ళ నాన్న రాసుకున్నట్టే ఏ పువ్వు ఎప్పుడు విచ్చింది, ఏ పిట్ట ఎప్పుడొచ్చింది అని ఆ నేల మీదే ఉండి మళ్ళీ రాయడం మొదలెట్టింది. ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి 1999లో పరిశోధనా పత్రం వేస్తే, వాటిలో కొన్ని వసంతంలో మునుపటికంటే ముందే వస్తున్నాయని తేలింది.

ఇప్పుడు నేనే ప్రతి పేజీ మార్జిన్‌తో సహా స్కాన్ చేస్తున్నా, కొట్టివేతలూ టీ మరకలూ అన్నీ. అక్కేమో అచ్చేయిద్దాం అంటోంది, చూద్దాం.

ఈ ఏడు మోదుగ ఫిబ్రవరి 3కే పూసింది. ఆయన బుక్కులో ఖాళీ పేజీలున్నా రాయడానికి చెయ్యి రాలేదు, కొత్తది కొన్నా.