పొడి నేల మీద పాదాలు

విజయవాడ సూర్యారావుపేటలో క్లినికల్ సైకాలజిస్టుగా నేను కూర్చునే గదికి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక ఫైలు ఉంటుంది. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్ష అన్నీ బాగానే ఉన్నాయని అందులోని కాగితాలు చెబుతుంటాయి. అయినా గుండె దడ తగ్గదు, నిద్ర పట్టదు, గిన్నె కింద పడినా ఒళ్ళు జలదరిస్తుంది. చుట్టుపక్కల వీధుల నిండా ఆసుపత్రులే కాబట్టి, ఒకచోటి నుంచి మరొకచోటికి తిరిగి తిరిగి, చివరకు ఎవరో చెప్పగా మా మెట్లెక్కుతారు. కొందరి చేతికి తాయెత్తు కూడా ఉంటుంది. దానిని తీసివేయమని నేను ఎన్నడూ అనలేదు.

ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చానని అడిగేవారికి నేను మా అమ్మ సంగతి చెబుతాను. ఆమె పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదిహేనేళ్ళ వయసులో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. మేము విజయవాడలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. అయినా గాలి గట్టిగా వీచిన రాత్రి ఆమె బియ్యం డబ్బాను అటక మీదికి ఎక్కించి, మమ్మల్ని నిద్ర లేపి, తెల్లవారేదాకా పక్కన కూర్చోబెట్టుకునేది. "మీ అమ్మ తీరే అంత" అనేవారు నాన్న. ఘోర సంఘటన ముగిసిపోయినా మనిషిని వదలని అలాంటి బాధకు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు ఉప్పెన వచ్చిన మూడేళ్ళకు, 1980లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి మానసిక రుగ్మతల వర్గీకరణలో చేరింది. మా ఇంటికి ఆ పేరు రావడానికి మరో పాతికేళ్ళు పట్టింది. క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. చదువుతూ, తరగతిలో ఆ లక్షణాలు వింటున్నప్పుడు నాకు అటక మీది బియ్యం డబ్బా కళ్ళ ముందు కదిలింది.

చాలామంది నన్ను డాక్టరుగారూ అని పిలుస్తారు. నేను మందులు రాసే వైద్యురాలిని కానని, అవసరమైతే సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తానని, వాడుతున్న మందులను నా మాట మీద ఆపవద్దని మొదటిరోజే చెబుతాను.

తొలి సంవత్సరాలలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. రోడ్డు ప్రమాదం నుంచి బయటపడిన ఒక లారీ డ్రైవరు గుంటూరు నుంచి వస్తే, మొదటి సెషన్‌లోనే జరిగినదంతా చెప్పమని అడిగాను. గంటసేపు వణుకుతూ చెప్పాడు, మళ్ళీ రాలేదు. ఆ తరువాత వారం రోజులు అతను కన్ను మూయలేదని వాళ్ళ అన్నయ్య ఫోనులో చెప్పారు. మామూలు జ్ఞాపకం ఎప్పుడో జరిగిపోయిన సంగతిలా గుర్తుకు వస్తుంది. ఇలాంటి జ్ఞాపకమైతే వాసనగానో, చప్పుడుగానో వచ్చి ఇప్పుడే జరుగుతున్నట్టు శరీరాన్ని పట్టుకుంటుంది. దానిని తట్టుకునే ఊతం చేతికి ఇవ్వకుండా తవ్వితే గాయం మళ్ళీ రేగుతుంది. అందుకే ఇప్పుడు నేను కథ అడగను. నిద్ర, తిండి, ఇంట్లో భద్రత, భయం కమ్ముకున్నప్పుడు తిరిగి ఈ గదిలోకి, ఈ క్షణంలోకి రావడం, వీటితోనే మొదటి వారాలు గడుస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచెత్తిన కొన్ని నెలలకు అక్కడి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ఆమె అనుమతితోనే, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను. రాగానే కుర్చీని మెట్లు కనిపించేలా తలుపు దగ్గరికి జరుపుకున్నారు. మూడోసారి వచ్చినప్పుడు మేడ మీది ట్యాంకు నిండి, పొంగిన నీళ్ళు గోడ వెంట కారసాగాయి. ఆమె మాట ఆగిపోయింది. కాలివేళ్ళు ముడుచుకున్నాయి, రెండు పాదాలూ నేల మీది నుంచి లేచాయి. నేను వెళ్ళి మోటారు ఆపి వచ్చి, "పాదాలు కింద పెట్టి చూడండమ్మా, నేల ఎలా ఉంది?" అని అడిగాను. చాలాసేపటికి ఒక పాదం, తరువాత రెండోది ఆనించి, "పొడిగానే ఉంది మేడమ్" అన్నారు. ఆ రోజుకు అంతే చేశాము.

ఆమె కొడుకు బయట కూర్చుని ఉండేవాడు. "అమ్మ ఏం చెప్పిందండీ?" అని ప్రతిసారీ అడిగేవాడు. ప్రేమతోనే అడిగినా నేను చెప్పలేదు. గోప్యత ఆమె హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతుంది. మన ఇళ్ళలో రోగి బదులు కుటుంబమే మాట్లాడటం అలవాటు కాబట్టి, ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

రెండు నెలల తరువాత ఆమె తానుగా వరద వచ్చిన ఆ రాత్రి సంగతి మొదలుపెట్టారు. అప్పుడు ఈఎండీఆర్ అనే చికిత్స పద్ధతిని వాడాము. ఫ్రాన్సీన్ షాపిరో 1980ల చివర్లో రూపొందించిన ఈ పద్ధతిలో, సంఘటనలోని ఒక ముక్కను తలచుకుంటూ థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరిస్తారు. చేయి ఎత్తితే ఆపేస్తానని మాట ఇచ్చాను. ఆమె రెండుసార్లు ఎత్తారు, రెండుసార్లూ ఆపాను.

ఇలాంటి సంఘటన తరువాత మొదటి నెల భయం, కలత ఉండడం సహజం. నెల దాటినా వదలకుండా బతుకును అడ్డుకుంటుంటేనే దానిని రుగ్మతగా చూస్తాము. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ పెద్దావిడ ఇప్పటికీ నెలకొకసారి వస్తున్నారు. వానాకాలం కోసం ఆధార్, పట్టా కాగితాలు, మందులు ఒక సంచిలో సర్దుకున్నారు. పోయినసారి వెళ్తూ, మళ్ళీ ట్యాంకు పొంగితే వెంటనే మోటారు ఆపవద్దని, ఆ చప్పుడు కాసేపు వింటానని చెప్పారు.