శనివారం కీమా

మా చిన్నోడికి ఐదేళ్లు. కీమో అన్న మాట వాడికి నోరు తిరగలేదో, తాతయ్య చెప్పే కీమా కూర కబుర్లే బుర్రలో ఉండిపోయాయో తెలీదు కానీ, పేరెంట్స్ మీటింగ్‌కి మీ అమ్మ రాలేదేం అని టీచర్ అడిగితే "మా అమ్మ శనివారం కీమాకి వెళ్తుంది, ఆదివారం పడుకుంటుంది" అని చెప్పొచ్చాడు. ఇంటికొచ్చి అదే మాట మా అత్తయ్య ముందు అన్నాడు. "శనివారం పూట కీమా ఏంట్రా, వెంకటేశ్వరస్వామి వారం, లెంపలేసుకో" అన్నారావిడ. వాడు నిజంగానే రెండు లెంపలూ వేసుకున్నాడు. రెండు రోజులుగా వాంతులతో సోఫాలోనే ఉన్న నేను పొట్ట పట్టుకుని నవ్వాను, నేను నవ్వుతున్నానని అత్తయ్య నవ్వారు, చివరికి ఆవిడకి కళ్లనీళ్లు వచ్చేశాయి. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు కీమానే.

నాకు హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథులకి వచ్చే క్యాన్సర్. మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ, రాత్రుళ్లు దుప్పటి తడిసేంత చెమట, ఒళ్లంతా దురద. మొదట టీబీ అనుకున్నాం, బయాప్సీ చేస్తే ఇది తేలింది. నాకిచ్చే నాలుగు మందుల్ని కలిపి, వాటి మొదటి అక్షరాలతో ఏబీవీడీ అంటారు, 14 రోజులకోసారి, మొత్తం 12 సార్లు. నాలుగు అయ్యాక, ఒంట్లో క్యాన్సర్ ఎంత మిగిలిందో చూసే పెట్ స్కాన్ బాగా వచ్చింది, దాంతో వాటిలో ఊపిరితిత్తుల మీద పడే బ్లియోమైసిన్ ఆపేశారు. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. మావారికి సెలవులు మిగలాలని శనివారాలు అడిగి తీసుకున్నాం.

మొదటి డోసుకి ముందే నాన్న భీమవరం నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో దిగాడు. అమ్మ పోయాక చేపల చెరువులు వదిలి ఒక్కరోజు కూడా చెన్నైలో ఉండనన్న మనిషి, చెరువులు కౌలుకిచ్చేసి రెండు సంచులతో వచ్చేశాడు. ప్రతి కీమా శనివారం పెరంబూర్‌లో మా ఇంటి నుంచి ఆటోలో నా పక్కన కూర్చుంటాడు. సెంట్రల్ స్టేషన్ దాటుతుంటే మద్రాస్ మెడికల్ కాలేజీ వైపు చెయ్యి చూపించి "యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివింది అక్కడే, మన భీమవరం ఆయన" అంటాడు. తొమ్మిదిసార్లూ అన్నాడు. నిజంగా గొప్ప విషయమే అది. ఖద్దరు కట్టి చదువుకున్న ఆ మనిషి అమెరికా వెళ్లాడు, తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చాడు. కీమో చరిత్రలో మొదటి అడుగుల్లో అదొకటి. నాకు రాసిన నాలుగింట్లో ఆయన మందేదీ లేదని చెప్పినా నాన్న వినడు. మలయాళీ నర్సమ్మకి వచ్చీరాని తమిళంలో ఈ కథంతా చెప్తాడు, ఆవిడ ఎర్రమందు సిరంజిని మెల్లగా నొక్కుతూ "అప్పడియా సార్" (అలాగా సార్) అంటూ వింటుంది. ఆ కథ అయ్యేసరికి సిరంజి ఖాళీ. ఆ ఎర్రమందు డాక్సోరుబిసిన్. అదయ్యాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అది రక్తం కాదు, ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

ఏబీవీడీలో వీ అంటే విన్‌బ్లాస్టిన్. అది బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందని చదివి ఇంట్లో చెప్పాను. మా బాల్కనీలో ఐదు కుండీలున్నాయి, అత్తయ్య రోజూ ఆ పూలే పూజకి కోస్తారు. ఆ సాయంత్రం ఆవిడ కుండీల ముందు నిలబడి చేతులెత్తి దణ్ణం పెట్టడం వంటింట్లోంచి చూశాను. ఇది విని బంధువులు నలుగురు ఫోన్ చేసి ఆ ఆకు రసం తాగమన్నారు. దయచేసి ఎవరూ తాగకండి. ఆ చెట్టు విషం. శుద్ధి చేసి, మనిషి ఒంటికి లెక్కగట్టి, నరంలోకి ఇస్తేనే అది మందు.

జుట్టు మూడో వారంలో ఊడటం మొదలైంది. దిండు మీద పోగులు చూసి మా పెద్దమ్మాయి ఏడుస్తుంటే వీధి చివర సెలూన్ అతన్ని ఇంటికే పిలిపించి గుండు చేయించుకున్నాను. మావారు పక్కగదిలోకి వెళ్లిపోయారు. నాన్న మాత్రం కదల్లేదు. అంతా అయ్యాక తన బట్టతల ఓసారి, నా తల ఓసారి నిమిరి "నా పోలిక ఒక్కటీ రాలేదని మీ అమ్మ అనేది, ఇప్పుడొచ్చి చూడమను" అన్నాడు. పెద్దది ఏడుపు ఆపేసి ఫకాల్న నవ్వింది. మావారు కూడా బయటికొచ్చారు.

నవ్వుతూ ఉంటే క్యాన్సర్ పోతుంది, ఏడవకూడదు అని చెప్పేవాళ్ల మీద నాకు కోపం. క్యాన్సర్‌ని తగ్గించేది మందు. నేను బోలెడుసార్లు ఏడ్చాను, బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ. నవ్వితే ఆ పూట గడుస్తుంది, పిల్లలకి అమ్మ కనిపిస్తుంది, అంతే. నాకది చాలు.

పెద్దదానికి పదేళ్లు. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో శనివారం నుంచి బుధవారం దాకా ఊదారంగు, ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆకుపచ్చ వేసింది. ఊదా రోజుల్లో నోరంతా ఇనుము రుచి, పోపు వాసన కూడా పడదు, చల్లటి మజ్జిగన్నం తప్ప ఏదీ దిగదు. ఆకుపచ్చ రోజుల్లో కూడా తెల్లకణాలు తక్కువగానే ఉంటాయి, జనంలోకి వద్దన్నారు, జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి రమ్మన్నారు. అందుకని ఆకుపచ్చ ఆదివారం జనం రాకముందే, తెల్లారకముందే బెసెంట్ నగర్ బీచ్‌కి వెళ్తాం. ఆ వేళకి ఇసుక చల్లగా ఉంటుంది. చిన్నోడు ప్రతి అలకీ అరుస్తాడు. పదేళ్లుగా చెన్నైలో ఉంటూ మేం నలుగురం కలిసి ఇంతకుముందు ఇలా ఎన్నిసార్లు వెళ్లామని లెక్కేస్తే రెండే. ఆ లెక్క తలుచుకుంటే గుండె పిండేసినట్టుంటుంది.

కీమా శనివారం రాత్రి, దాంతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టదు. రెండింటికి హాల్లోకొస్తే నాన్న మెలకువగానే ఉంటాడు. నేల మీద సుద్దతో గీసి, అరగదీసిన చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడతాం. తొండి చేస్తాడు, అమ్మతో కూడా అలాగే చేసేవాడట, ఓసారి ఆవిడ పిక్కలన్నీ తీసుకెళ్లి చెరువులో పారేసిందట. ముప్పై ఆరేళ్లొచ్చాయి నాకు, ఆ సంగతి మొన్నే తెలిసింది.

విన్‌బ్లాస్టిన్‌తో వేళ్ల చివర్లు మొద్దుబారాయి. పెద్దదానికి స్కూలుకి రెండు జడలు నేనే వెయ్యాలి, ఇంకెవరు వేసినా ఒప్పుకోదు. జడ అల్లగలను, రిబ్బన్ పట్టు మాత్రం చేతికి తెలియడం లేదు, ముడి జారిపోతుంది. ఓ సోమవారం నాన్న "నే వేస్తానుండు" అని చెరువు వలకి వేసే ముడి వేశాడు. సాయంత్రం ఎవరి వల్లా రాలేదు, రిబ్బన్ కత్తిరించాల్సి వచ్చింది. మర్నాడూ అంతే. ఈ నెలలో పదకొండు రిబ్బన్లు కొన్నాం.

ఇప్పుడు పెద్దదే ఓ ఉపాయం కనిపెట్టింది. నేను ముడి వేస్తుంటే తల వెనక్కి చెయ్యి పెట్టి, మడత మీద తన వేలు ఆన్చి పట్టుకుంటుంది. "ఇప్పుడు లాగు అమ్మా" అంటుంది. వేలు తీస్తుంది, నేను లాగుతాను. ఎల్లుండి పదోది.