ముద్దాయి పేరు: ఎలుగుబంటి

నిన్న సాయంత్రం నా తుపాకీ స్టేషన్ నుంచి ఇంటికి వచ్చింది. మార్చిలో కొన్నాను, పది రోజులు తిరక్కుండానే ఎన్నికల కోడ్ అని పట్టుకెళ్లి అప్పజెప్పాను, జూన్‌లో తిరిగిచ్చారు. ఈలోగా జీడి కాపు వచ్చింది, పిక్కలు ఏరడం అయిపోయింది, బస్తాలు పలాస వెళ్లిపోయాయి. ఏ తోట కోసం ఏడాదిన్నర తిరిగి లైసెన్సు తెచ్చుకున్నానో ఆ తోటలోకి తుపాకీ ఒక్క పూట కూడా రాలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. నేను సైన్యంలో ఈఎంఈ ఆర్మరర్‌గా, అంటే తుపాకీలు బాగుచేసేవాడిగా, 17 ఏళ్లు చేశాను. గొప్పలు అనుకున్నా సరే, కళ్లకు గంతలు కట్టినా ఎల్ఎంజీ (లైట్ మెషిన్ గన్) విప్పి బిగించేవాణ్ణి. రిటైరై వచ్చాక కొబ్బరి, జీడి, నాలుగు పనస చెట్లు. 2021లో మా చిన్నమ్మ తెల్లవారుజామున పిక్కలు ఏరడానికి వెళ్తే తుప్పల్లోంచి ఎలుగు లేచింది. అది మనిషిని తినడానికి రాదు. దానికి చూపూ తక్కువే, వినికిడీ తక్కువే. మనం మీదకొచ్చేదాకా తెలీదు, తెలిశాక బెదిరిపోయి ముఖం మీద పడుతుంది. చిన్నమ్మకి ఎడమ కన్ను కింద నుంచి చెవి దాకా చీరేసింది. మరుసటి ఏడాది, 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు మనిషి ప్రాణమే తీసింది, ఇంకొందరిని గాయపరిచింది. ఆ వారమే నేను అప్లికేషన్ సంగతి ఆలోచించడం మొదలుపెట్టాను.

మొదట నా మనసులో ఉన్నది వేరే తుపాకీ. అలాస్కాలో ఎలుగుల మధ్య తిరిగేవాళ్లు చేయించుకునే రైఫిళ్ల గురించి రాత్రుళ్లు కూర్చుని చదివేవాణ్ణి. పెద్ద బోరు (గొట్టం రంధ్రం), తక్కువ బరువు, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్టు లాగి తోయాలి. .375 హెచ్ అండ్ హెచ్ అని 1912లో వచ్చిన తూటా, 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) గుండు, సెకనుకు సుమారు 2500 అడుగుల వేగం. దానికి మౌజర్ 98 అనే పాత జర్మన్ రైఫిల్ పద్ధతి బోల్టు. మౌజర్ అని ఎందుకంటే, దాని పెద్ద పంజా తూటా మ్యాగజైన్ లోంచి లేచీలేవగానే అంచు పట్టేసుకుంటుంది, చేతులు వణికి బోల్టు సగంలో ఆపి మళ్లీ తోసినా రెండు తూటాలు ఇరుక్కోవు. 20 అంగుళాల గొట్టం, చెక్క బదులు ఫైబర్ బట్టు, చూడటానికి మామూలు ఇనుప సైటు. మూడు కిలోల పైచిలుకులో తేలిపోవాలి. బరువు తగ్గినకొద్దీ భుజం మీద దెబ్బ పెరుగుతుందని నాకు తెలుసు. కానీ రోజంతా మోసేది తుపాకీని, కాల్చేది బతుకులో ఒకసారి. కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాను. మా ఆవిడ అది చూసి, ఇల్లు కట్టేటప్పుడు ప్లాను ఇంత శ్రద్ధగా గీయలేదని దెప్పింది.

ఆ బొమ్మ ఇప్పటికీ బొమ్మే. మన దగ్గర లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం, గొట్టం కోసి పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఆర్మరర్ అయినా అంతే, కమ్మరి అయినా అంతే. విదేశీ తుపాకీల దిగుమతి 1980ల్లోనే ఆగిపోయింది, పాత .375 ఎక్కడైనా అమ్మకానికొస్తే దాని ధరకు ఒక ఎకరం తోట వస్తుంది. .303, 7.62 సైన్యం బోర్లు, మామూలు జనానికి నిషిద్ధం. ఇక మిగిలింది మన సర్కారు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్ల .315 రైఫిల్. సరే, అదే అనుకున్నాను. పైగా అలాస్కా ఎలుగు నాలుగైదు వందల కిలోలు తూగేది, మనది వంద కిలోల ప్రాణి. అంత పెద్ద గుండు దీనికి అక్కర్లేదని నాలోని ఆర్మరరే ఒప్పుకున్నాడు, మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఫారం ఎ-1 నింపడం, చలానా, ఫొటోలు, పొలం కాగితాలు అన్నీ ఒక్క రోజులో అయ్యాయి. డాక్టరు గారు బీపీ చూసి, మందు తాగుతారా అని అడిగి, మతి స్థిమితంగా ఉందని సంతకం పెట్టారు. తుపాకీ జాగ్రత్తల మీద శిక్షణ సర్టిఫికెట్ అడిగితే డిశ్చార్జి బుక్ చూపించాను. గుమస్తా దాన్ని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పి, నవ్వి, ఫైలులో పెట్టుకున్నాడు.

అసలు కథ స్టేషన్లో.

లైసెన్సుకి ముందు పోలీసు రిపోర్టు తప్పనిసరి. రైటర్ గారు నా ఫారం చూసి, "ప్రాణభయం ఎవరి నుంచి?" అన్నారు.

"ఎలుగుల నుంచండి."

"అది కాదు మిలట్రీ, మనుషుల పేర్లు చెప్పు. గట్టు తగాదాలా, పార్టీ గొడవలా?"

"మనుషులతో నాకేటీ లేదండి."

"మరి తుపాకీ ఎందుకు?"

ఇలా తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది. మూడోసారి వెళ్తే, ఎలుగు మీద కేసేమైనా ఉందా, ఎఫ్ఐఆర్ నంబరు చెప్పు అన్నారు. పక్కనున్న కానిస్టేబుల్, "ముద్దాయి పరారీలో ఉందని రాసీండి సార్" అన్నాడు. స్టేషనంతా నవ్వింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న మోటార్ సైకిల్ దొంగ కూడా నవ్వాడు. 17 ఏళ్లు వందల తుపాకీలకు జవాబుదారీగా ఉన్నవాణ్ణి, ఒక్క స్ప్రింగు తప్పిపోతే రాత్రంతా నేల మీద పాకి వెతికినవాణ్ణి, ఆ దొంగ నవ్వుకి తల దించుకున్నాను. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర నా పేరు ఎలుగు మిలట్రీ.

దాన్నీ ఓర్చుకున్నాను. కానీ ఇంటికొచ్చి విచారణ చేశారు చూడండి, అది మాత్రం మర్చిపోలేను. ఇద్దరు వచ్చారు, నన్ను అడిగింది తక్కువ, చుట్టుపక్కల అడిగింది ఎక్కువ. తాగుతాడా, పెళ్లాన్ని కొడతాడా, ఎవరితోనైనా పడదా. వాళ్ల పని వాళ్లు చేశారు, కాదనను. కానీ ఎందుకొచ్చారో ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో పోలీసులు ఒకరి ఇంటి గురించి వాకబు చేసి వెళ్లిపోతే మిగతాది ఊరే పూర్తి చేసుకుంటుంది. మా అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్న రోజులవి. అబ్బాయి తరఫువాళ్లు వస్తామన్న ఆదివారం రాలేదు, ఆ తర్వాత ఫోనూ లేదు. దీనివల్లేనని ఎవరూ అనలేదు. దీనివల్ల కాదనీ ఎవరూ అనలేదు. నా తర్వాత అప్లికేషన్ పెట్టేవాళ్లు ముందే నాలుగిళ్లకీ చెప్పుకోండి, సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి చెడ్డాను.

చివరికి రైటర్ గారు, ఊళ్లోకి ఎలుగులు వస్తున్నాయని ఫారెస్టు వాళ్ల దగ్గర లెటర్ తెమ్మన్నారు. వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉందని, ప్రాణరక్షణ కోసం తప్పనిసరై కొడితే 11వ సెక్షన్ కాపాడుతుంది గానీ చచ్చిన ఎలుగు సర్కారు సొత్తవుతుందని, గోరు కూడా మనది కాదని ఓపిగ్గా చెప్పాడు. అన్నీ విని, లెటర్ ఇమ్మన్నాను.

"ఎలుగు వస్తోందని రాసిస్తే, రేపు మీరు కాల్చితే నన్నడుగుతారు. రావడం లేదని రాసిస్తే, మరి నష్టపరిహారాలు ఎందుకిచ్చావని నన్నే అడుగుతారు. ఏది రాయమంటారు?"

నాకు కోపం రాలేదు, నిజం చెప్పాడు కాబట్టి. పైగా ఆ మాటలోనే దారి దొరికింది. నష్టపరిహారం! చిన్నమ్మకి ఇచ్చింది కదా. ఆ ఆర్డరు కాపీలో వాళ్ల సొంత స్టాంపు కింద 'ఎలుగుబంటి దాడిలో గాయపడిన' అని ఉంది. బియ్యం డబ్బా అడుగున చిన్నమ్మ దాచింది. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎవరికైనా పరిహారం వచ్చి ఉంటే ఆ కాగితం జెరాక్సు ముందే పెట్టండి, నాలాగా ఏడు నెలలు తిరక్కండి.

ఆ కాగితం చూసి రైటర్ గారు ఏమన్నారో తెలుసా? "దెబ్బ తగిలింది ఆవిడకి కదా, లైసెన్సు నీకెందుకు? ఆవిణ్ణి పెట్టుకోమను."

ఇంటికొచ్చి చెప్తే చిన్నమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని ఆటో ఎక్కింది. వద్దన్నా వినలేదు. స్టేషన్లో బల్ల ముందు నిలబడి, రెండేళ్లుగా ముఖం మీద నుంచి తియ్యని కొంగు తీసేసింది.

"బాబూ, నువ్వు పేరు అడిగినావంట కదా. నానప్పుడు దాని పేరు అడగడం మర్సిపోనాను. మళ్లీ కనపడితే అడిగీసి వస్తాను, రాసుకో."

ఎవరూ నవ్వలేదు. రైటర్ గారు లేచి నిలబడ్డారు, "కూర్చో అమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేదు. నేను గోడ మీద గడియారం చూస్తూ ఉన్నాను. నా లైసెన్సు కోసం ఆమె ఆ కొంగు తీయాల్సి వచ్చిందని ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రిపోర్టు ఆ శనివారమే వెళ్లింది. అది నా పదకొండో రాక.

తర్వాతది నెమ్మదిగానైనా నడిచింది. కలెక్టరాఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక గుమస్తా గారు మంచి సలహా ఇచ్చారు. రైఫిల్ అని పట్టుబట్టకండి, 20 అంగుళాలకు తగ్గని, లోపల గాడుల్లేని నునుపు గొట్టం గన్ను అని రాయండి, ఆయుధాల చట్టం 13వ సెక్షన్లో దానికి వేరే దారి ఉంది అన్నారు. ఆ విధంగా .375 కాస్తా .315 అయి, .315 కాస్తా 12 బోరు అయింది. 2024 ఫిబ్రవరిలో యూఐఎన్ అనే గుర్తింపు నంబరుతో లైసెన్సు చేతికొచ్చింది. విశాఖలో ఒక షాపులో పాత డబుల్ బ్యారెల్ తీసుకున్నాను. దాని బట్టు చెక్క ఎవరో మొద్దులాగా చేయించారు. రెండు రాత్రులు కూర్చుని గరుకు కాగితంతో అరగదీసి, వెనక రబ్బరు ప్యాడు బిగించి, భుజానికి పట్టీ వేశాను. గొట్టం జోలికి పోలేదు. మౌజర్ కల కన్నవాడికి మిగిలిన పనితనం అంతే. ఐదడుగుల దూరంలో లేచే ఎలుగుకి బోల్టు లాగే టైము కూడా ఉండదు, రెండు గొట్టాలే నయం అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కూడా.

మార్చి 16న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. లైసెన్సు తుపాకీలన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయాలని కబురు. అదే బల్ల, అదే రైటర్ గారు. ఈసారి నవ్వలేదు, రశీదు రాసిచ్చి, "చిన్నమ్మ గారు బాగున్నారా?" అన్నారు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆ రోజులన్నీ మేం ఎప్పట్లాగే డబ్బాలు వాయిస్తూ, సీమటపాకాయలు పేలుస్తూ, తెల్లగా తెల్లారాక గుంపుగా తోటలోకి వెళ్లాం. ఎన్నికల ఏడాదిలో తుపాకీ కొనకండి. కొంటే ఎన్నికలయ్యాక కొనండి.

నిన్న తెచ్చి గొట్టాలు వెలుతురుకేసి పెట్టి చూశాను. సముద్రపు గాలి, మూడు నెలలు, ఒక్క చుక్క నూనె లేదు. కుడి గొట్టంలో ఎర్రగా తుప్పు. రాత్రి పదింటిదాకా పుల్‌త్రూకి (గొట్టం తుడిచే తాడుకి) చిందీ గుడ్డ కట్టి లాగుతూనే ఉన్నాను. చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తూ, పెరటి చివర పనస ముగ్గింది, వాసన వస్తోంది, రేపు పొద్దున్నే కోసీమంది. కోయాలి. కుడి గొట్టంలో ఇంకా వేలెడంత మేర మచ్చ ఉంది, నూనె పోసి నిలబెట్టాను.