డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

మొన్న పాపని నాలుగేళ్ల చెకప్‌కి తీసుకెళ్లాం. మేముండేది ఫ్లోరిడాలోని టాంపాలో. కారు సీటు, స్విమ్మింగ్ పూల్ గురించి అడగడం అయ్యాక డాక్టరమ్మ అదే గొంతుతో "ఇంట్లో గన్ ఉందా?" అంది.

ఉంది. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే కొన్నా, గ్లాక్ 19. హెచ్1బీ మీదున్నప్పుడు హంటింగ్ లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా కొనే వీల్లేదు.

నాకు ఒళ్లు మండింది. ఈమెకెందుకు? అవసరం లేకుండా డాక్టర్లు ఇలా అడగొద్దని ఫ్లోరిడాలో 2011లో చట్టమే చేశారు. అడగొద్దన్న ఆ భాగం వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కొట్టేసింది. అంటే ఆమె అడగొచ్చు, నేను చెప్పకపోవచ్చు.

చెప్పా. మొహం చిట్లించి "అసలు లేకపోతేనే మేలు" అంది. నన్నేదో రౌడీని చూసినట్టు చూసింది. మా తాతకి కడప జిల్లాలో లైసెన్సు తుపాకి ఉండేది. ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన్నెవరూ అలా చూడలేదు (డాక్టరైతే అసలే చూళ్లేదు, ఆయన వెళితే కదా).

"తూటాలు తీసేసి తాళం వేస్తారా? తూటాలకి వేరే తాళం ఉందా?" అని మళ్లీ అడిగింది.

"ఆఁ, ఉంది" అనేశా.

మా ఆవిడ గోడ మీద బొమ్మలు చూస్తోంది. మంచం పక్క సొరుగులో, లోడ్ చేసే ఉందని ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చే దారిలో ఒక్క మాటా లేదు. దుకాణం ముందు కారాపి, "తాళమేసే పెట్టె కొనుక్కురా, నేనిక్కడే ఉంటా" అంది.