మెగాకోడ్‌లో నేను వాడిన "కొంచెం"

తొమ్మిదేళ్లుగా క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. ఏసీఎల్ఎస్ అంటే గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సలో శిక్షణ. దాని కార్డుకి రెండేళ్లే గడువు. నాది ముగియడానికి పదిరోజులుందనగా రెన్యువల్‌కి వెళ్లాను. రాతపరీక్షలో 84 శాతం రావాలి. నైట్ డ్యూటీల మధ్య చదివి ఎలాగో గట్టెక్కాను. ఏడిపించింది మెగాకోడ్, అంటే బొమ్మని రోగి అనుకుని టీమ్‌తో చికిత్స చేసి చూపించే పరీక్ష.

నన్ను టీమ్ లీడర్‌గా బొమ్మ కాళ్ల దగ్గర నిలబెట్టారు. కంప్రెషన్స్‌కి, అంటే ఛాతీ నొక్కడానికి, మా డ్యూటీ డాక్టరే. రోజూ ఆయన చెప్తే నేను చేసేదాన్ని, ఇప్పుడు నేను చెప్పాలి. మానిటర్ మీద వీఎఫ్, అంటే గుండె సరిగా కొట్టుకోకుండా వణుకుతోంది. "సార్, కొంచెం కంప్రెషన్స్ చూస్తారా?" అన్నాను. ఆయన నిజంగానే చూశారు, మానిటర్ వైపు!

రెండో షాక్ అయ్యాక "అడ్రినలిన్ ఇచ్చేద్దామా" అని గాల్లోకి అన్నాను. ఇద్దరు నర్సులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రైనర్ ఆపేశారు. "బతిమాలుతున్నారేంటి సిస్టర్? ఎవరికి చెప్తున్నారో వాళ్లని పిలిచి, మందు, డోసు చెప్పండి. వాళ్లు తిరిగి చెప్పేదాకా వదలొద్దు."

మళ్లీ మొదటికి. "సార్, కంప్రెషన్స్ మొదలుపెట్టండి." "మొదలుపెట్టాను." మర్యాద ఎక్కడికీ పోలేదు. "అండి" ఉంది, "కొంచెం" పోయింది, అంతే.

ఇంకో చిక్కు లెక్కలో వచ్చింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. తెలుగులో ఇరవై దాటితే "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అనేలోపే చేతులు నెమ్మదిస్తాయి. బొమ్మ మీద లైటు మా గుట్టు విప్పేసింది. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టుకోమన్నారు. హాయిగా కుదిరింది.

అడ్రినలిన్ వంతొచ్చింది. "సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రామ్ ఐవీ ఇవ్వండి." మా జూనియర్ ఆంప్యూల్ పైకెత్తి, లేబుల్ చూస్తూ "అడ్రినలిన్ ఒక..." అని ఆగిపోయింది. "అక్కా, ఇది అట్రోపిన్." రెండూ ఒక ఎంఎల్ ఆంప్యూల్సే, ట్రైనర్ కావాలనే పక్కపక్కన పెట్టారు. నోటితో తిరిగి చెప్పాలి కాబట్టి కళ్లు లేబుల్ మీదకెళ్లాయి. లేకపోతే సిరంజిలోకి ఎక్కించేసేది.

మర్నాడు డ్యూటీకెళ్లి క్రాష్‌కార్ట్ (ఎమర్జెన్సీ మందుల బండి) తెరిస్తే మా దగ్గరా అంతే, రెండూ ఒకే అరలో. అట్రోపిన్‌ని కింది అరలోకి మార్చి, పైన ప్లాస్టర్ అంటించి పెద్దక్షరాలతో రాశాను. రాత్రి ఇన్‌ఛార్జి మేడమ్ వచ్చి "ఎవరు మార్చారిది?" అని అడిగారు.

"నేనే మార్చాను మేడమ్. ఇకనుంచి ఇక్కడే పెట్టండి."